ఇద్దరు దిద్దిన చెయ్యి

పళ్ళ డాక్టరుగారి బంతి ఒక ఆదివారం ఎడమకి పోయేది, మరుసటి ఆదివారం కుడికి పోయేది. సూటిగా మాత్రం చచ్చినా పోయేది కాదు. పోనీ మనిషికి శ్రద్ధ లేదా అంటే, అంత శ్రద్ధగా నేర్చుకునేవాడు ఆ గోడౌనులో ఇంకొకడు లేడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, ఇంటికెళ్ళి అద్దం ముందు మళ్ళీ చేస్తాడు. అసలు తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆ గోడౌను అక్కచెల్లెళ్ళిద్దరిది. ఒకప్పుడు సిమెంటు బస్తాలు దాచేవాళ్ళట అందులో. వీళ్ళు దాన్ని అద్దెకి తీసుకుని, గోడలకి సున్నం కొట్టించి, ఆ చివర పెద్ద వల కట్టించి, వల మధ్యలో ఎర్ర వృత్తం గీసిన గుడ్డ వేలాడదీశారు. ఈ చివర పచ్చటి చాపలు పరిచారు. గోల్ఫ్ అంటే ఎకరాల కొద్దీ పచ్చిక కావాలనుకునేవాళ్ళు వచ్చి చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు. పచ్చిక తర్వాత సంగతి, ముందు కర్ర పట్టుకోవడం రావాలి కదా అనేది అక్క.

పట్టు అక్క నేర్పుతుంది. మణికట్టు చెల్లెలు నేర్పుతుంది. మొదటి నుంచీ ఇదే వాటా. కర్ర మీద ఎడమచెయ్యి ఎలా వాలాలి, పైనుంచి చూస్తే వేలి కణుపులు ఎన్ని కనబడాలి, బొటనవేలు నడిమధ్యన ఉండాలా, పక్కకి ఒరగాలా, ఇదంతా అక్క శాఖ. కర్రని భుజం పైకి ఎత్తినప్పుడు ఆ ఎడమ మణికట్టు పలకలా చదునుగా ఉందా, వెనక్కి విరిగి గుంట పడిందా, అది చెల్లెలి శాఖ. చెల్లెలు ఒక చెక్క స్కేలు తెచ్చి గ్లవ్ పట్టీ కింద దూర్చేది. మణికట్టు వెనక్కి విరిగితే స్కేలు పొడుస్తుంది. "పొడిచిందా? మంచిదే. నేను అరవక్కర్లేకుండా అదే అరుస్తోంది," అనేది. నేర్చుకునేవాళ్ళు ఒకరిని పట్టు మేడం అనీ, రెండో ఆవిడని మణికట్టు మేడం అనీ పిలుచుకునేవాళ్ళు.

వినడానికి రెండు శాఖల్లా ఉన్నాయి గానీ నిజానికి ఒకటే వ్యవహారం. చెయ్యి కర్ర మీద కుడివైపుకి బాగా తిరిగి ఉంటే, మణికట్టులో కాస్త గుంట ఉన్నా, బంతికి తగిలే కర్ర ముఖం సూటిగానే వస్తుంది. అదే చెయ్యి ఎడమకి తిరిగి ఉంటే, మణికట్టు చదునుగా ఉండి తీరాలి. ఏ పట్టుకి ఆ మణికట్టు. ఈ సంగతి అక్కకి తెలుసు, చెల్లెలికీ తెలుసు. తెలిసి కూడా చేశారు చూడండి, అదీ విడ్డూరం!

పూర్వం సాయంత్రం పూట బంతులు ఏరుకుంటూ ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. "ఇవాళ ఆ టీచరమ్మ చెయ్యి తిప్పానే. ఆవిడ మణికట్టు జోలికి పోకు." "సరే అక్కా. ఆ లావుపాటాయన మణికట్టు నేను చూసుకుంటున్నా, నువ్వు ఆయన చెయ్యి కదపకు." అంతే. బుట్ట నిండేసరికి నేర్చుకునేవాళ్ళందరి చేతులూ పంచుకోవడం అయిపోయేది. అదే అసలు పాఠమనీ, పగలంతా చెప్పేది దాని తోక మాత్రమేననీ చెల్లెలికి అప్పుడు తట్టలేదు.

తర్వాత ఆ మాటలు ఆగిపోయాయి. ఎందుకంటే చెల్లెలు నోరు జారింది.

ఎవరో కొత్తగా చేరినాయన అడిగాడు, "పెద్ద మేడం ఎప్పుడూ బంతి కొట్టి చూపించరేం?" అని. చుట్టూ పదిమంది ఉన్నారు. చెల్లెలికి నలుగురినీ నవ్వించడం సరదా. "మా అక్క ఆట ఎప్పుడో అయిపోయింది లెండి. భుజం పైకి లేవదు. అందుకే అందరి చేతులూ పట్టుకుని కాలక్షేపం చేస్తోంది," అంది. అందరూ గొల్లుమన్నారు. అక్క వెనకాలే ఉంది, బంతుల బుట్ట పట్టుకుని. బుట్టని చప్పుడు కాకుండా కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

ఆ భుజం ఎందుకు అరిగిందో లోకంలో ఎవరికి తెలియకపోయినా చెల్లెలికి తెలుసు. ఆటలో అక్కే గురువు తనకి. చెల్లెలికి అర్థమయ్యేదాకా కొట్టి చూపించింది, అర్థమయ్యాక కూడా ఇంకోసారి అంటే ఇంకోసారి కొట్టింది. అలాంటి మనిషి గురించి, అలాంటి మాట! చెల్లెలు అప్పుడే నాలిక కరుచుకుంది. కానీ పరిగెత్తుకెళ్ళి "తప్పయిందే అక్కా" అనలేదు. రేపు చెప్పొచ్చులే అనుకుంది. రేపటికి అక్క మంగళ, గురువారాలు తనవనీ, బుధ, శుక్రవారాలు చెల్లెలివనీ గోడ మీద సుద్దతో రాసి పెట్టింది. దాంతో చెల్లెలికీ పౌరుషం పొడుచుకొచ్చింది. సరే, అలాగే కానీ, అనుకుంది. ఒక్క మాట అడిగేస్తే పోయేదానికి నెలల తరబడి మూతి బిగించుకు కూర్చునేవాళ్ళని ఏమనాలి? మన ఇళ్ళల్లోనే ఉంటారు కాబట్టి ఏమీ అనలేం.

సరిగ్గా ఆ రోజుల్లోనే చేరాడు పళ్ళ డాక్టరుగారు. ఊళ్ళో అందరినీ నోరు తెరవమనేవాడు, తను మాత్రం నోరు తెరవడు. అంత మెతక. మంగళవారం అక్క దగ్గరికీ, శుక్రవారం చెల్లెలి దగ్గరికీ వచ్చేవాడు. ఆదివారం పొద్దున బావమరిదితో కలిసి అసలు మైదానానికి వెళ్ళి ఆడేవాడు. ఒకరి ముందు రెండోవారి ఊసెత్తకూడదని ఆ గోడౌనులో అందరికీ తెలుసు. ఆయనకి ఇంకాస్త ఎక్కువ తెలుసు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం బావ వచ్చాడు. అక్క మొగుడు. గడియారాలు బాగు చేస్తాడు. పై అంతస్తులో ఉన్న మరదలి ఇంటికి ఆయన వచ్చాడంటే కింద నుంచి ఏదో కబురు మోసుకొచ్చాడని అర్థం.

"ఏం బావా, ఏమంటోంది మీ ఆవిడ?"

"నాతో కూడా ఏమీ అనట్లేదమ్మా, అదే నా గోడు. మీ ఇద్దరి మధ్యా నలిగి చస్తున్నా. ఏ ముల్లు ముందుకి నడుస్తోందో, ఏది వెనక్కి నడుస్తోందో తెలిసి చావదు." కుర్చీలో కూలబడ్డాడు. "ఊరి అవతల పెద్ద మైదానం వాళ్ళు పిలిచారట. ఒకటో తారీఖు నుంచి అక్కడికి వెళ్ళిపోతానంటోంది. ఒప్పేసుకుంది కూడా."

చెల్లెలు గబుక్కున అడిగింది. "గోడౌను?"

"నీకే వదిలేస్తుందట. వలా, చాపలూ అన్నీ నువ్వే ఉంచుకోమంది. నేను చెప్పి చూశాను మరదలా. ఆవిడ తలుపు వేసుకున్నాక నేను తట్టినా ఒకటే, గాలి తట్టినా ఒకటే."

"వెళ్తే వెళ్ళనీ," అంది చెల్లెలు. బావ ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వలా అంటావని చెప్పింది," అని లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి చెల్లెలికి అక్క లేని గోడౌను ఎలా ఉంటుందో ఊహించుకుందామంటే ఊహకే రావడం లేదు. వెళ్ళొద్దని చెప్పాలి. చెప్పాలంటే ముందు ఆ పాత మాట ఎత్తాలి. ఆ మాట ఎత్తడానికి నోరు రాదు. నెలాఖరు దగ్గరికొచ్చేస్తోంది.

శుక్రవారం డాక్టరుగారు ఎడమచేతికి పట్టీ చుట్టుకుని వచ్చాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు మేడం, కాస్త పట్టేసింది. నిన్న ఒకాయన పన్ను పీకుతూ మధ్యలో చెయ్యి మార్చుకోవాల్సి వచ్చింది." ఆ ఒక్క మాటకే ఆయన సిగ్గుపడ్డాడు. "ఇంకో వారం చూసి, ఇక మానేద్దామనుకుంటున్నానండీ. తప్పు మీది కాదు, నాదే."

"ముందు బంతి కొట్టండి."

కొట్టాడు. ఎర్ర వృత్తానికి బాగా కుడిగా తగిలింది. పోయిన ఆదివారం కూడా ఇలాగే కుడికి పోయిందట. చెల్లెలు అలవాటుగా స్కేలు తీసింది. మణికట్టు వెనక్కి విరుగుతోంది, చదును చేస్తే సరి. పట్టీ కింద దూర్చబోయి ఆగింది. రెండు వారాల కిందట ఇదే మనిషిని ఇదే స్కేలుతో చదును చేసింది కదా? ఆ రోజు బంతి చక్కగా వృత్తంలోనే పడింది. మరి ఆ వెంటనే వచ్చిన ఆదివారం ఎడమకి పోయిందన్నాడు. పోయిన వారం "అంత బిగించకండి, కాస్త వెనక్కి వదలండి" అంది. అప్పుడూ ఇక్కడ సూటిగానే పడింది. ఆదివారం కుడికి పోయింది.

ఆమె మొదటిసారి మణికట్టు మీదనుంచి చూపు కిందకి దించింది. చెయ్యి చూసింది. బొటనవేలు కర్ర మీద నిటారుగా ఉంది, కణుపు ఒక్కటే కనిపిస్తోంది. క్రితం వారం ఇదే చేతికి మూడు కణుపులు కంట పడినట్టు లీలగా గుర్తు.

"డాక్టరుగారూ, ఒక సంగతి అడుగుతాను, మొహమాటపడకండి. మంగళవారాలు అక్క ఏం చెబుతోంది?"

డాక్టరుగారు నీళ్ళు నమిలాడు. చాడీలు మోసేవాడిలా కనబడతానేమోనని ఆయన బెంగ. చివరికి చెప్పాడు. బంతి ఎడమకి పోయిన వారం పెద్ద మేడం చేతిని ఎడమకి తిప్పుతారు. కుడికి పోయిన వారం కుడికి తిప్పుతారు. అప్పుడు అక్కడా బంతి సూటిగానే పడుతుంది.

"మరి అక్క తిప్పిన చేతితోనే శుక్రవారం నా దగ్గరికి రావాలి కదండీ! మీరు పాత చేతితోనే కొడుతున్నారు!"

"అదేమిటి మేడం, మందు వేసుకొచ్చి డాక్టరు ముందు నోరు తెరిస్తే డాక్టరుకి ఏం తెలుస్తుంది? ఆదివారం రోగం ఎలా ఉందో అలాగే మీకు చూపించాలి కదా. మళ్ళీ ఆదివారం మైదానంలో మీరు చెప్పిందీ, ఆవిడ చెప్పిందీ రెండూ కలిపి చేస్తాను. ఒక్కటీ వదలను."

చెల్లెలికి లెక్క తేలింది. ఒకే కూరలో ఇద్దరూ ఉప్పు వేస్తున్నారన్నమాట, ఒకరు వేసింది ఇంకొకరికి తెలియకుండా. అక్క చెయ్యి తిప్పితే చాలు, బంతి సూటిగా పోతుంది. తను మణికట్టు దిద్దినా చాలు. ఇద్దరూ దిద్దేసరికి అవతలి ఒడ్డుకి పోతోంది. అప్పుడు మళ్ళీ ఇద్దరూ వెనక్కి దిద్దుతున్నారు, మళ్ళీ ఇవతలి ఒడ్డు. పాపం ఆ మణికట్టు ఊయల ఊగినట్టు ఊగింది. నొప్పి పుట్టదూ మరి!

"ఈ మంగళవారం మాత్రం పెద్ద మేడం..." అని డాక్టరుగారు ఏదో అనబోయాడు.

"చాలండీ, నాకంతా అర్థమైంది," అంది చెల్లెలు. ఆమెకి ముక్కు మీద తొందర. అక్క ఈ మంగళవారం చెయ్యి కుడికి తిప్పే ఉంటుంది. కుడికి పోయే బంతికి అంతకంటే ఏం చేస్తుంది? కాబట్టి తను మణికట్టు జోలికి పోకపోతే ఆదివారానికి అంతా చక్కబడుతుంది. "ఈ వారం నేను మీకేమీ చెప్పను. మణికట్టుని దాని మానాన వదిలేయండి. మంగళవారం ఎలా చెప్పారో అలాగే చేయండి. అంతే."

స్కేలు తీసుకెళ్ళి బల్ల సొరుగులో పెట్టింది. ఎందుకో తేలిగ్గా అనిపించింది. అక్కకి ఒక మాట ఇచ్చినట్టే ఉంది, నోరు తెరిచి ఇవ్వకపోయినా.

ఆదివారం మధ్యాహ్నం ఆమె చాపలు దులుపుతుంటే డాక్టరుగారు మైదానం నుంచి తిన్నగా వచ్చాడు. బూట్లకి మట్టి ఇంకా ఉంది. చెమట తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కుడికే పోయింది మేడం. వెంట్రుకవాసి తేడా లేదు. ఇక సెలవు తీసుకుందామని వచ్చాను."

చెల్లెలికి ఒళ్ళు మండింది. "అక్క చెయ్యి తిప్పలేదా?"

"ఆ మాటే చెప్పబోయానండీ శుక్రవారం. మీరు చాలన్నారు."

"ఇప్పుడు చెప్పండి!"

"తిప్పలేదు. నా గ్లవ్ పట్టీ మీద స్కేలు పొడిచిన గుర్తు కాసేపు చూశారు, కొట్టమన్నారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏం చెయ్యమంటారు మేడం అంటే, 'ఈ వారం నేను ముట్టుకోను, మా చెల్లి చూసుకుంటుంది' అన్నారు. మీరేమో మణికట్టు వదిలేయమన్నారు. ఇద్దరూ వదిలేశాక నేనేం చేసేది?"

చెల్లెలు చీపురు కింద పెట్టింది. కోపమంతా ఎక్కడికి పోయిందో పోయింది. అక్క కూడా కనిపెట్టింది. తనకంటే ముందే కనిపెట్టింది. కనిపెట్టి, ఆ చెయ్యిని తను తీసుకోకుండా చెల్లెలికి వదిలేసింది. మా చెల్లి అంది. నెలల తరబడి 'ఆవిడ' అనీ, 'పైన ఉండేవాళ్ళు' అనీ అంటున్న మనిషి, పరాయివాడి ముందు మా చెల్లి అంది. వెళ్ళిపోతూ కూడా నీదే పైచెయ్యి కానీ అంటోంది.

"డాక్టరుగారూ, ఒక్క సాయం చేయండి. మంగళవారం దాకా మానేయకండి," అంది.

అక్కకి గోడౌనులో అదే ఆఖరి మంగళవారం. చెల్లెలు వెళ్ళేసరికి లోపల ఐదారుగురున్నారు. టీచరమ్మ ఉంది, లావుపాటాయన ఉన్నాడు. ఆ రోజు గొల్లుమన్నవాళ్ళలో సగానికి సగం మంది వాళ్ళే. అక్క డాక్టరుగారి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చెల్లెల్ని చూసి, "ఇవాళ శుక్రవారం కాదు," అంది.

"తెలుసు."

"మరి?"

ఇంట్లో అక్క తలుపు తట్టి గుట్టుగా చెప్పొచ్చు. పొద్దున్నించీ చెల్లెలికి ఆ ఆలోచనే. కానీ అన్నది గుట్టుగా కాదు కదా. ఆమె చాపల మధ్యకి వచ్చి నిలబడింది. అందరికీ వినబడేలా చెప్పింది.

"మీ అందరి ముందూ ఒకసారి మా అక్క గురించి నవ్వుతూ ఒక మాటన్నాను. చేతులు పట్టుకుని కాలక్షేపం చేస్తోందని. ఆ భుజం నాకు ఆట నేర్పి నేర్పి పాడైంది. అది తెలిసే అన్నాను. నా పాఠమే చూడండి. చెయ్యి ఎలా ఉందో చూడకుండా మణికట్టు మీద పెత్తనం చేశాను, ఈయనకి నొప్పి తెప్పించాను. అక్క పట్టు చూడకుండా నేను చెప్పే మణికట్టుకి అర్థమే లేదు. తప్పు నాది అక్కా. వెళ్ళకు."

లావుపాటాయన తన బూట్లు చూసుకున్నాడు. అక్క అందరూ ఉన్నారని కూడా చూసుకోకుండా అంది.

"నువ్వు నవ్వించినందుకు కాదే నాకు బాధ. అది నిజమేనేమోనని భయం వేసింది. బంతి కొట్టలేనిదాన్ని, నిజంగానే చేతులు పట్టుకుని పొద్దుపుచ్చుతున్నానేమో అని. అందుకే ఇంకోచోటికి వెళ్ళి చూసుకుందామనుకున్నా, నేను పనికొస్తానో లేదో."

"పనికొస్తావో లేదో నన్ను అడగొచ్చు కదా!"

"నిన్నా? నువ్వు పలికితే కదా. కొండెక్కి కూర్చున్నావు."

"నువ్వు మాత్రం? గోడ మీద రాశావు!"

టీచరమ్మకి నవ్వాగలేదు. అక్క ఆమె వైపు గుర్రుగా చూసి, చెల్లెల్ని చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "ఏడవకు. మొహం తుడుచుకో. ఆయన ఇందాకట్నించీ కర్ర పట్టుకుని నిలబడ్డాడు, చెయ్యి నొప్పితో." డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎడమచెయ్యిని కర్ర మీద నెమ్మదిగా కుడికి తిప్పింది, రెండు కణుపులు దాటి మూడోది కనబడేదాకా. బొటనవేలిని పక్కకి ఒరిగించింది. "గట్టిగా నొక్కకండి. పన్ను కాదిది. ఊఁ, ఎత్తండి."

ఎత్తాడు. కర్ర భుజం పైన ఆగింది.

"నువ్వు చూడవే," అంది అక్క. "ఎలా ఉంది మణికట్టు?"

చెల్లెలు వెనక్కి వెళ్ళి చూసింది. "కాస్త గుంట పడింది."

"దిద్దుతావా?"

దిద్దాలని చెయ్యి ముందుకి వెళ్ళబోయింది. ఇన్నేళ్ళ అలవాటు ఊరికే పోతుందా! ఆమె ఆ చెయ్యిని వెనక్కి తీసుకుంది. "వద్దు. నువ్వు పట్టించిన పట్టుకి అదే సరి."

బంతి వెళ్ళి ఎర్ర వృత్తం అంచుకి తగిలింది. నడిమధ్యన కాదు గానీ, లోపలే. ఇంకొకటి కొట్టాడు, అదీ లోపలే. డాక్టరుగారు మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుని, నొప్పి లేదన్నట్టు తలాడించాడు. ఆ తర్వాత జీవితంలో మొదటిసారి ఆ ఇద్దరి ముందూ తనంతట తాను నోరు తెరిచాడు.

"మరి ఇకనుంచీ మంగళవారం రావాలా మేడం, శుక్రవారం రావాలా?"

అక్క తడి గుడ్డ తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. సుద్దరాత చెరుపుతూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"మీకు వీలైన రోజు రండి. ఇద్దరం ఉంటాం."